కదలని మీటరు

కరెంటు ఆఫీసులో మీటర్లు పరీక్షించే మునికృష్ణ ఇంటి మీటరే ఆగిపోయిందని కంప్యూటరు చెప్పింది. చెబితే చెప్పింది, పక్క కుర్చీలో కూర్చునే రంజని కంటనే పడాలా!

పరీక్షపెట్టె భుజాన వేసుకుని మేడలెక్కే రోజులు పోయాయి. ఇప్పుడు ఆఫీసు గదిలో కూర్చునే మీటరు తప్పో ఒప్పో తేల్చేస్తారు. ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి, అన్నీ ఆపించి, ఒక్క ఇస్త్రీపెట్టె వేయమంటారు. అదెంత కరెంటు తాగుతుందో తెలుసు కనుక, ఆఫీసు తెరమీద ఆ మీటరు అంకె సరిగ్గా అంతే పెరిగితే మీటరు మంచిది. అంతే పని.

"సార్, మీ ఇంటి అంకె వారాలుగా కదల్లే. మేడంకి ఫోన్ చేసి ఐరన్ బాక్స్ వెయ్యమనండి," అంది రంజని.

మేడం ఎక్కడుంది! మునికృష్ణ భార్య బాలామణి అలిగి నెల్లూరులో అన్నగారింటికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఈ మహానుభావుడేమో మెస్సు సాంబారు క్యారియర్‌లో పోయించుకొచ్చి, "మా ఆవిడ ఇవాళ కాస్త ఉప్పెక్కువేసింది" అంటూ గదిలో అందరికీ వడ్డిస్తున్నాడు. ఇంట్లో ఫ్రిజ్ ఆపేశాడు. దీపం వేస్తే ఖాళీ కుర్చీ కనబడుతుందని చీకట్లోనే చాప తీసుకుని మేడమీదికి పోయి పడుకుంటాడు. ఈ అబద్ధం బయటపడితే తోటివాళ్ళ ముందు తలెత్తుకోలేనని అతని భయం. తాను నమ్ముకున్న మీటరే తనని పట్టిస్తుందని కలలో కూడా అనుకోలేదు పాపం.

"మీటరు పోయుంటాది. మార్చేద్దాంలే," అన్నాడు.

"టెస్ట్ చెయ్యకుండానా? మంచి మీటరు మీద నింద వెయ్యకూడదని మీరే కదా సార్ నేర్పినారు!"

నేర్పిన మాట నిజమే. "సెరిమా, నేనే పోయి వేస్తా," అని లేచాడు.

ఇంటి తలుపు తీయగానే మూసిన గాలి ముఖాన కొట్టింది. ఇస్త్రీపెట్టె మీద దుమ్ము తుడిచి, స్విచ్ వేసి, రంజనికి ఫోన్ చేశాడు.

"ఎక్కతా ఉంది సార్. కరెక్ట్‌గా ఉంది. మీటరు మంచిదే..." అని ఆగిపోయింది. మీటరు మంచిదైతే ఇన్ని వారాలూ ఆ ఇంట్లో దీపం ఎందుకు వెలగలేదు? ఆ పిల్లకి అర్థమైపోయిందని మునికృష్ణకి అర్థమైంది.

"సార్, మేడం..."

"ఈడ లేదమ్మా. పోయి శానా దినాలైంది. ఆ సాంబారు మెస్సుది." చెప్పేశాక సిగ్గు వేయలేదు, ఏడుపొచ్చింది.

"ఐరన్ బాక్స్ ఆపేయండి సార్. టెస్ట్ అయిపోయింది," అంది రంజని మెల్లగా.

ఆపేశాడు. తర్వాత హాల్లో లైటు వేశాడు. ఫ్యాను వేశాడు. వంటింట్లోకి పోయి, ఖాళీ ఫ్రిజ్ కూడా ఆన్ చేశాడు.

"అయ్యో సార్, మళ్ళీ ఎక్కతా ఉందే!"

"ఫోన్ పెట్టొద్దమ్మా," అన్నాడు మునికృష్ణ. "కొంచేపు అట్నే చూస్తా ఉండు."