పూలబేరి వాసన

ఆ తేదీ డెస్మండ్‌కి ఇప్పటికీ గుర్తే. సెప్టెంబరు పన్నెండు, గురువారం. భూమికి దక్షిణాన ఉన్న వాళ్ళ దేశంలో అప్పుడే వసంతం. మధ్యాహ్నం చల్లటి గొర్రె మాంసం, బీట్‌రూట్ చక్రాలు పెట్టిన సాండ్‌విచ్ తిన్నాడు. కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడుతూ తలకి దెబ్బ తగిలి, వాసన తెలియకుండా పోయిన మనిషి. అతనికి తిండి అంటే ఉప్పు, పులుపు, పంటికింద కరకర. అంతే.

శనివారం కూతురు బ్రిడీ పెళ్ళి. వాళ్ళ ఊరు మడ్జీలో పెళ్ళి హాళ్ళకి కొదవలేదు. కానీ పెరట్లో పూలబేరి చెట్ల కిందే జరగాలని డెస్మండ్ పట్టుబట్టాడు. కాపురం పెట్టిన కొత్తలో తనూ భార్య కొరాలీ కలిసి నాటినవి అవి. ఏటా చలికాలం చివర కొమ్మలు కత్తిరించి, మొదళ్ళకి ఎండుగడ్డి పరిచి పెంచాడు. బేరిపండు జాతే అయినా తినే కాయ కాయవు, పూయడమే వాటి పని. కొరాలీ పోయి రెండేళ్ళయింది. తల్లి తరఫున కూతురికి ఇవ్వడానికి తన దగ్గర ఇంతకన్నా ఏమీ లేదనిపించింది. పూత సరిగ్గా పెళ్ళికి అందడం కూడా ఒక అదృష్టమే అనుకున్నాడు.

సాయంత్రం వియ్యపురాలు రోసాల్బా వచ్చింది. దూరాన గ్రిఫిత్ ఊళ్ళో ద్రాక్షతోటల మనిషి. మనసులో ఏముంటే అదే నోట్లో. ఆమెకి పెరట్లో చెట్ల కింద తెల్లగుడ్డలు పరిచిన బల్లలు చూపిస్తూ డెస్మండ్, ఈ పూల వాసన తేనె కలిపిన వేడిపాలలా ఉంటుందట, మా ఆవిడ చెప్పేది అన్నాడు. ఏటా పూత విచ్చిన రోజున చెట్టుకింద టీ తాగుతూ వాసన ఎలా ఉందని తను అడిగేవాడు, కొరాలీ కళ్ళు మూసుకుని ఒక్కో ఏడు ఒక్కో పోలిక చెప్పేది.

రోసాల్బా చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"డెస్, ఏమనుకోకండి. మీ డ్రైనేజీ ఎక్కడో పగిలింది."

అతను కంగారుగా గోడ పక్క డ్రైనేజీ మూత దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని తడిమాడు. పొడిగా ఉంది. ఆమె ఇక్కడ కాదంటూ గాలి పీల్చుకుంటూ నడిచి, ఒక పూలకొమ్మ వంచి, చటుక్కున వదిలేసింది.

"ఇవే. వీటికన్నా నాలుగు రోజుల చేపలు నయం."

డెస్మండ్ హాస్యమనుకుని నవ్వాడు. గుమ్మంలో నిలబడ్డ బ్రిడీ నవ్వలేదు. ఆమెతో, చెప్పమ్మా ఆవిడకి, అన్నాడు.

"నిజమే నాన్నా. కంపే. అమ్మ నీకు చెప్పొద్దంది."

"ఎప్పటినుంచి?"

"మొదటి పూత నుంచి. చెబితే నరికేస్తావని. వాటిని చూసేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో అది తనకి కావాలంది. పెళ్ళి ఇక్కడే అని నువ్వన్నప్పుడు నాకూ నోరు రాలేదు."

డెస్మండ్ బల్ల అంచు పట్టుకున్నాడు. వేడిపాలు. వాన వెలిసిన పచ్చిక. ఇస్త్రీ చేసిన దుప్పటి. అవన్నీ ఆవిడ ఊపిరి బిగబట్టుకుని అల్లినవి.

"ముప్పై ఏళ్ళు అబద్ధమాడిందన్నమాట," అన్నాడు, ఎదురుగా ఎవరూ లేనట్టు.

"నేనైతే మొదటి ఏడే గొడ్డలి తీసేదాన్ని," అంది రోసాల్బా. చెట్టు మొదలు వైపు చూసి, "ఇక్కడే కూచుని టీ తాగిందా?" అని అడిగింది. ఆ గొంతులో ఎగతాళి లేదు.

ఒక్కపూట ఎవరైనా ఓర్చుకుంటారు, పెళ్ళి ఇక్కడే జరగనీ అంది బ్రిడీ.

"వద్దమ్మా. ఓర్చుకోవడం మీ అమ్మతోనే అయిపోనీ."

ఒక బల్ల కొస అతనే ఎత్తాడు. రెండో కొస రోసాల్బా పట్టింది. చీకటి పడేలోగా ముగ్గురూ కలిసి బల్లలన్నీ ఇంటిముందు గడ్డిమీదికి చేర్చారు. రోసాల్బా రుమాలు తీసి గాలి పీల్చి, ఇక్కడైతే ముద్ద దిగుతుందని తేల్చింది.

వాళ్ళు పక్కలు వేసుకోవడానికి వెళ్ళాక డెస్మండ్ వంటింట్లో ఒక్కడే నిలబడ్డాడు. వెనక తలుపు బార్లా తీసి ఉంది. పూసినన్నాళ్ళూ రాత్రుళ్ళు దాన్ని అలాగే ఉంచేవాడు, పరిమళం పడకగది దాకా రావాలని, కొరాలీ కోసం. ఆవిడ మంచం పట్టిన ఆఖరి వసంతంలో కూడా. వేసెయ్యమని ఆవిడ ఒక్కనాడూ అనలేదు.

బయట చెట్లు మసకలో తెల్లగా కనిపిస్తున్నాయి. చాలాసేపు చూశాడు. తర్వాత చప్పుడు కాకుండా తలుపు మూశాడు.