ఎర బకెట్టు

రేవు క్యాంటీన్ నాలుగు నెలలుగా మూసి ఉంది. పాత వంటమనిషి మోకాళ్ళు అరిగి మానేశాడు. వేలం షెడ్డు మీద ఒక గది, రెండు పొయ్యిలు, పొడుగు బల్ల ఒకటి, సముద్రం వైపు రెండు కిటికీలు. ఒక కిటికీ మూసుకోదు, రెండోది తెరుచుకోదు. ఈ క్యాంటీన్ నడపడానికి ముగ్గురు అర్జీ పెట్టారు. రేవు సంఘం షరతు విని ఇద్దరు వెనక్కి తగ్గారు.

షరతు ఇది. క్యాంటీన్ కావాలన్నవాళ్ళు ఒక ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి సంఘం సభ్యులు తొమ్మిది మందికి చేప వండి పెట్టాలి. ఆ చేప ఆ రోజు పొద్దున పట్టినదై ఉండాలి. పట్టినవాళ్ళు అర్జీదారు ఇంటి మనుషులై ఉండాలి. ఒక పొయ్యి మీద తినేవాళ్ళే ఒక ఇంటి మనుషులు. కొనకూడదు, అడిగి తెచ్చుకోకూడదు. షరతు పెట్టినవాళ్ళందరూ పడవల్లో పెరిగినవాళ్ళు కాబట్టి వాళ్ళకది తేలికగానే తోచింది.

తగ్గని మూడో మనిషి ఇరవై రెండేళ్ళు బడి వంటశాలలో వండిన ఆవిడ. పోయిన ఏడాది బడికి ఒక కంపెనీ నుంచి అట్టపెట్టెల్లో భోజనం రావడం మొదలైంది. ఆవిడకి ఒక గోడగడియారం ఇచ్చి పంపించారు. అప్పట్నుంచి ఇంట్లో ఇద్దరికి వండుతోంది. మూడు వందల మందికి అలవాటైన చెయ్యి అది, రోజూ ఉప్పు ఎక్కువవుతోంది.

"ఇంకో ఏడాది ఇలాగే కూర్చుంటే వంటే మర్చిపోతానురా," అని తమ్ముడితో అంది. తమ్ముడు రేవులో ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అతనిది వేరే ఇల్లు, వేరే పొయ్యి. షరతు ప్రకారం అక్కకి పనికిరాడు.

మిగిలింది భర్త.

ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు పోటు పట్టికల కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యాడు. ఏ రోజు ఏ గంటకి సముద్రం ఎంత లేస్తుందో, ఎంత దిగుతుందో ముందుగా లెక్కకట్టి ఏడాదికో పుస్తకం అచ్చువేసే ఆఫీసు అది. సముద్రానికి నలభై కిలోమీటర్ల దూరంలో, మూడో అంతస్తులో ఉండేది. ఉద్యోగంలో ఉండగా ఆయన సముద్రాన్ని చూసింది రెండుసార్లు. రెండుసార్లూ ఆఫీసు పిక్నిక్కే. రిటైరయ్యాక రేవు పక్క వీధిలో ఇల్లు అద్దెకి తీసుకున్నారు. వచ్చిన వారానికే రేవులో ఆయనకి 'పట్టికగారు' అని పేరు పెట్టారు. ఆయన అది గౌరవమనుకున్నాడు.

"చేప సంగతి నాకొదిలెయ్," అన్నాడు శనివారం పొద్దున.

"మీరెప్పుడైనా పట్టారా?"

"పట్టడంలో ఏముందోయ్? ఎప్పుడు పట్టాలన్నదే అసలు సంగతి. అది నాకంటే తెలిసినవాడు ఈ రేవులో లేడు."

"నేనే తమ్ముడి చేతివల పట్టుకుని తెల్లారే వెళ్ళొస్తానండీ. ఏవో కాసిని చిన్న చేపలు..."

"తొమ్మిది మంది పెద్దమనుషులకి చిన్న చేపలు పెడతావా? పరువు పోదూ!"

ఎవరి పరువో చెప్పలేదు. ఆవిడకి ఆదివారం పొద్దున నాలుగు నెలల మసి కడిగే పని ఉంది. సరేనంది. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆయన మనసు మార్చిన సందర్భాలు ఆవిడ దగ్గర రెండున్నాయి. మూడోదానికి టైము లేదు.

పట్టికగారు ఆ రోజంతా సిద్ధమయ్యాడు. పన్నెండడుగుల గాలం, మడత కుర్చీ, గొడుగు, చేపల వేట మీద ఒక పుస్తకం కొన్నాడు. పోటు మొదలైన గంటకి పెద్ద చేప మేతకోసం ఒడ్డు దగ్గరికి వస్తుందని పుస్తకంలో ఉంది. పోటు ఏడూ నలభైకి మొదలని ఆయన పట్టికలో ఉంది. కాబట్టి ఎనిమిదీ నలభైకి ముందు కొక్కెం నీళ్ళలో వేయడం దండగ. ఆయన ఎంచుకున్న బల్లరాయి రేవు కట్టకి నూటయాభై అడుగుల అవతల ఉంది. దానికి వెళ్ళే ఇసుకదారి తొమ్మిదీ నలభైకి మునుగుతుంది. అంటే చేతిలో సరిగ్గా ఒక గంట ఉంది. గంటకి ఒక పెద్ద చేప. లెక్కలో ఎక్కడా తప్పులేదు.

ఆదివారం అయిదూ ముప్పావుకి బావమరిది చేతివల తీసుకుని రేవు మెట్ల దగ్గరికి వచ్చాడు. ఎండాకాలంలో తెల్లారేసరికి నెత్తళ్ళ గుంపు మెట్లదాకా వస్తుంది. వేలెడు చేపలు, నీళ్ళ కింద మేకులు ఒంపినట్టు ఉంటాయి. వల ఎలా ముంచాలో అతను చూపించాడు. ముంచింది మాత్రం పట్టికగారే. షరతు షరతే. ఎరకి ఇరవై చాలు. కానీ ఏదైనా అవసరానికి పదిరెట్లు తెప్పించడం ఆయన ఆఫీసు పద్ధతి. ఆరు ముంపులకి బకెట్టు సగం నిండింది.

"అయిపోయింది బావగారూ. ఇది పట్టుకెళ్ళి అక్కకిచ్చేసి పడుకోండి," అన్నాడు బావమరిది.

"ఇది ఎరోయ్."

"తొమ్మిది మందికి సరిపోతుందండీ."

"నువ్వు ఐసు చూసుకో. సముద్రం నేను చూసుకుంటాను."

బావమరిది వెళ్ళి ఐసు చూసుకున్నాడు.

పట్టికగారు బకెట్టుని కట్ట మీద నీడలో పెట్టి తడిగుడ్డ కప్పాడు. ఎర ఎండలో పెట్టరాదని పుస్తకంలో ఉంది. ఆరూ యాభైకి బల్లరాయి చేరాడు. కుర్చీ విప్పాడు. గొడుగు పాతడానికి రాతిలో సందు దొరక్క ముప్పావుగంట పట్టింది. గాలానికి దారం ఎక్కించాడు. కొక్కేనికి పుస్తకంలో బొమ్మ చూసి ముడి వేశాడు, అది ఊడింది, ఇంకో బొమ్మ చూసి ఇంకో ముడి వేశాడు. తర్వాత కూర్చుని ఎనిమిదీ నలభై కోసం చూశాడు.

ఆ తీరాన ఎండాకాలం సముద్రపు గాలి పదింటికి లేస్తుంది. ఎండ ముదిరిన రోజుల్లో ముందే లేచి నీళ్ళని ఒడ్డుకి తోస్తుంది. అలాంటప్పుడు పోటు ఎవరి కోసమూ ఆగదు. రేవులో ఈ సంగతి కుక్కలకి కూడా తెలుసు. బల్లరాయి మీద పడుకునే కుక్కలు రెండు ఎనిమిదింటికి లేచి, పట్టికగారి కుర్చీ పక్కనుంచి నడిచి, కట్ట మీదికి వచ్చి పడుకున్నాయి. కట్ట మీద వల ఆరబెడుతున్న మనిషి కేకేశాడు.

"సారూ! గాలి తిరిగింది, వచ్చేయండి!"

"తొమ్మిదీ నలభై!" అని పట్టికగారు పుస్తకం ఎత్తి చూపించాడు.

"గాలండీ, గాలి!"

"గాలి మా విభాగం కాదు!"

ఎనిమిదీ నలభైకి, ఒక్క నిమిషం అటూఇటూ కాకుండా, ఆయన ఎర తెచ్చుకోవడానికి లేచాడు. ఇసుకదారి మీద నడుములోతు నీళ్ళున్నాయి. ఆయన పట్టిక తీసి మళ్ళీ చూశాడు. అందులో దారి ఉంది.

తొమ్మిదింటికి బావమరిది తెడ్ల పడవ వేసుకుని వెళ్ళేసరికి గొడుగు పోయింది, కుర్చీ పోయింది, గాలం పోతోంది. పట్టికగారు తొడలదాకా నీళ్ళలో నిలబడి పట్టికని తలమీద పెట్టి పట్టుకున్నాడు. అది తడవలేదు. కట్ట మీద పదకొండుమంది చూస్తున్నారు. పడవ ఒడ్డుకి రావడానికి పట్టిన అయిదు నిమిషాల్లో ఆయన ఒక కథ తయారుచేసుకున్నాడు.

"పోయింది," అన్నాడు మెట్లెక్కుతూ.

"గాలమా సార్?" అన్నాడు వల మనిషి.

"చేప." రెండు చేతులూ చాపాడు. "ఇంతుంది. ఎర వేశానో లేదో పట్టేసింది. కర్రతో సహా లాక్కుపోయింది."

"ఎర బకెట్టు ఇక్కడే ఉంది కదండీ?"

"గుప్పెడు తీసుకెళ్ళానయ్యా ముందే."

పదకొండుమందీ తలలూపారు. తొమ్మిదిన్నరకి ఆ చేప రేవంతా తిరిగింది. పదింటికి అది పొట్టి సొరచేప అయ్యింది.

క్యాంటీన్లో ఆవిడ పొయ్యిలు కడిగి, కంచాలు తుడిచి, ఖాళీ మూకుడు ముందు పెట్టుకుని కూర్చుంది. భర్త కారుతున్న ప్యాంటుతో వచ్చి పెద్ద చేప కథ చెప్పాడు. ఆవిడ చివరిదాకా విని, "దెబ్బలేం తగల్లేదు కదా?" అంది. తగల్లేదన్నాడు. "అయితే ఇంటికెళ్ళి బట్టలు మార్చుకోండి," అంది. ఆయన వెళ్ళాడు. వెనకాలే తమ్ముడు బకెట్టు మోసుకొచ్చి కింద పెట్టాడు.

ఆవిడ గుడ్డ తీసి చూసింది. ఒక చేపని వేళ్ళ మధ్య నొక్కింది. వాసన చూసింది.

"ఇవెవరు పట్టార్రా?"

"బావగారే. పొద్దున ఆరింటికి."

"ఇవి పెట్టుకుని మళ్ళీ ఎక్కడికెళ్ళారు?"

"చేపలు పట్టడానికి."

ఆవిడ కత్తిపీట దగ్గరికి లాక్కుంది. తమ్ముడు కూడా కింద కూర్చున్నాడు కానీ చెయ్యి వేయలేదు.

"ఒక చిక్కుందక్కా. బకెట్టులోంచి ఒక్క చేపనైనా కొక్కేనికి గుచ్చితే ఆ బకెట్టంతా ఎర కిందే లెక్క. ఎర వండితే చెల్లదు. ఎనిమిదేళ్ళ కిందట ఒకడు మిగిలిన ఎర వండి పెట్టాడు. తొమ్మిదిమందీ మూడు రోజులు మంచం దిగలేదు. అప్పట్నుంచి సంఘం పెద్దమ్మ అడక్కుండా ముద్ద ముట్టదు."

"ఆయన గుచ్చానని చెప్పారుగా."

"నాతో చెప్పారు. పదకొండుమందితో చెప్పారు. నువ్వు మాత్రం ఏమీ అనకు. నెత్తళ్ళు అంటే చాలు."

"అడిగితే?"

"తల వంచుకుని వడ్డించు."

"ఇరవై రెండేళ్ళు పిల్లలకి వండానురా. ఇవాళ్టి చేపేనా అని అడిగితే మొహం చూసి చెప్పాను. ఇప్పుడు తల వంచుకోలేను." ఒక చేప తల గిల్లింది, బొటనవేలితో పొట్ట తీసింది, నీళ్ళలో వేసింది. "ముందు వండనీ. ఉల్లిపాయలు కొయ్యి."

"పొయ్యి నాది కాదుగా, కొయ్యొచ్చా?"

"పట్టకూడదన్నారు. కొయ్యకూడదనలేదు."

రెండువందల ఆరు చేపలు. అవి ఒలిచేసరికి పదకొండు దాటింది. సగం చేపలకి ఉప్పూ కారం పట్టించి, పిండిలో దొర్లించి, మూకుట్లో వేయించింది. మిగతా సగం ఉల్లిపాయ, టమాటా మగ్గాక పరిచి, గరిటె పెట్టకుండా మూకుడు పట్టుకుని కుదిపింది. గరిటె పెడితే నెత్తళ్ళు ముద్దవుతాయి. మూసుకోని కిటికీలోంచి వాసన కిందికి దిగింది. వేలం షెడ్డులో ఇద్దరు పాట ఆపి పైకి చూశారు.

పన్నెండింటికి తొమ్మిదిమందీ వచ్చి కూర్చున్నారు. బల్ల కొసన పెద్దమ్మ. వేలంపాట పాడేది ఆవిడే. ముప్పై ఏళ్ళుగా రేవులో ఏ చేప ఎవరిదో తేల్చేది ఆవిడే. భర్త ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఎవరూ పిలవకపోయినా బల్ల పక్కన నిలబడి, ఒక సభ్యుడికి చేతులు చాపి చూపిస్తున్నాడు. చేప పొద్దుటికంటే జానెడు పెరిగింది.

కంచాల్లో వడ్డన అయింది. ఎవరూ ముట్టలేదు. పెద్దమ్మ ఒక చేప తోక పట్టుకుని ఎత్తి చూసింది.

"ఇవాళ్టివే. ఎవరు పట్టారమ్మా?"

"మా ఆయన."

"ఎరకా, కూరకా?"

తమ్ముడు గోడవైపు తిరిగాడు. ఆవిడ గరిటె కింద పెట్టింది.

"ఎరకే పట్టారు పెద్దమ్మా. నేను కూరకి తీసుకున్నాను."

పెద్దమ్మ చేపని కంచంలో పెట్టేసింది. భర్తవైపు తిరిగింది.

"పట్టికగారూ, మీ చేప సంగతి విన్నాను. ఇంత పెద్దదట. ఈ బకెట్టులో చేపనే గుచ్చారా దానికి?"

"గుచ్చకుండా ఎలా పడుతుందండీ!"

"అయితే ఇదంతా ఎర. నేను లేస్తాను. మా వాళ్ళూ లేస్తారు. షరతు తెలుసుగా, ఒక్కటి గుచ్చినా చెల్లదు." కుర్చీ వెనక్కి జరిపింది. "ఎన్ని గుచ్చారు?"

ఆయన భార్యవైపు చూశాడు. ఆవిడ ఆయన్ని చూడటం లేదు. మూకుడు మీద మూత పెడుతోంది. మూడువందల మందికి వండటం అయిపోయాక రోజూ ఎలా పెట్టేదో అలాగే పెడుతోంది, అంచు సరిచూసుకుని.

ఆయన చేతులు ఇంకా చాపే ఉన్నాయి. వాటిని దించడానికి కొంత టైము పట్టింది.

"ఒక్కటీ గుచ్చలేదు," అన్నాడు.

"మరి గుప్పెడు తీసుకెళ్ళానన్నారు?"

"తీసుకెళ్ళలేదు. తెచ్చుకుందామని లేచాను. అప్పటికే నీళ్ళొచ్చేశాయి."

"మరి ఆ చేప?"

"చేప లేదండీ." గొంతు సవరించుకున్నాడు. "గాలి ముందొచ్చింది. పట్టిక తప్పింది."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన ఆఫీసు ఒక్క సవరణ పత్రమూ అచ్చువేయలేదు. ఇది మొదటిది. తొమ్మిదిమంది సాక్షుల ముందు వెలువడింది.

బల్ల చివర ఎవరో ముందు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. లెక్క తేలేదాకా ఆవిడ నవ్వదు.

"ఒట్టి కొక్కేనితో రెండు గంటలు కూర్చున్నారన్నమాట."

"గంటా యాభై నిమిషాలు."

"పదకొండుమంది చూశారు, ఒక్కడికీ తట్టలేదు." కుర్చీ ముందుకి జరుపుకుంది. "కొక్కెం ఎక్కలేదు కాబట్టి ఇది చేపే. తినండర్రా."

తిన్నారు. ముళ్ళు తీసే పని లేదు, నెత్తళ్ళని తలతో కాకపోయినా తోకతో తినొచ్చు. ఇద్దరు మళ్ళీ అడిగారు. ఒకాయన వేపుడు బాగుందన్నాడు, పక్కాయన కూర బాగుందన్నాడు, దాని మీద కాసేపు పోట్లాడుకున్నారు. ఉప్పు గురించి ఎవరూ ఏమీ అనలేదు. పదిమందికి చాలినంతే పడింది.

పెద్దమ్మ చెయ్యి కడుక్కుని వచ్చింది.

"పడవలు నాలుగున్నరకి వస్తాయి. టీ ఎన్నింటికి పెడతావ్?"

"నాలుగింటికి."

"ఆ తెరుచుకోని కిటికీ సంగతి సంఘంలో మాట్లాడి చూస్తాం. మాటివ్వను."

"అక్కర్లేదు పెద్దమ్మా. తెరుచుకున్నది ఒకటుంది, చాలు."

ఆవిడ అప్పుడే రేపటికి పప్పూ బియ్యం ఎంత కావాలో తమ్ముడికి చెప్పడం మొదలుపెట్టింది. అతను అగ్గిపెట్టె అట్ట మీద రాసుకుంటున్నాడు. భర్త కాసేపు నిలబడ్డాడు. తనతో ఎవరైనా ఏమైనా అంటారేమోనని చూశాడు. అనలేదు. బల్ల మీద తొమ్మిది పింగాణీ కంచాలున్నాయి. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన తను తినని కంచాలు ఎత్తాడు. ఒకదానిమీద ఒకటి, తొమ్మిదీ ఒకేసారి. గుమ్మం దాకా బాగానే వెళ్ళాడు.

రెండు పగిలాయి.

"ఏవండీ," అంది ఆవిడ వెనక్కి తిరగకుండా, "మిగతా ఏడూ అక్కడ పెట్టేసి వచ్చి కూర్చోండి. మూకుట్లో మీకు పక్కన పెట్టాను."