కిటికీ గాలి మీద నేరం

పచ్చడి సీసాలు పెట్టే అర మళ్ళీ పైకి జరిగింది. పోయిన చలికాలం మునివేళ్ళ మీద లేస్తే అందేది, ఇప్పుడు స్టూలు వేసుకోవాల్సి వస్తోంది. ఇది మరిది రాదోయె పనేనని దెసాంక అనుమానం. అన్న పెళ్ళినాడే పెళ్ళికొడుకు ప్యాంటు కాళ్ళు కలిపి కుట్టేసిన ఘనుడు, అరవై దాటినా ఆ చేతుల దురద తీరలేదు. మొగుడు మియోద్రాగ్ మీదా అనుమానమే. ఆమె స్టూలెక్కి దిగుతుంటే పేపరు చాటున నవ్వుతాడు. రోజుకింత కిందికి దిగిపోతున్నావేమిటే, తొందరేం లేదు, నేల ఎక్కడికీ పోదు అన్నాడు మొన్న. దొంగను పట్టుకోవాలని అర కింద గోడ మీద పెన్సిలుతో గీత గీసింది. మూడు వారాలు కాపలా కాసింది. గీత కదల్లేదు, అరా కదల్లేదు, అయినా అందడం లేదు. మడమలరిగాయని చెప్పుల్ని అనుమానించింది. స్కర్టు నేలకు రాసుకుంటుంటే ఉతుకులో సాగిందనుకుంది. ఇంట్లో ప్రతి వస్తువునీ అనుమానించింది, తన ఒంటిని తప్ప.

ఆమె నడుం నొప్పికి మాత్రం ఇంటిల్లిపాదీ ఒకే దొంగను చూపించేవారు. అది ఎదురెదురు కిటికీల మధ్య వీచే గాలి. వాళ్ళ ఊరు లెస్కోవాత్స్‌లో మెడ పట్టినా, పన్ను సలిపినా, కాపురం చెడినా ఆ గాలి పనే. ఎనభై నాలుగేళ్ళ అత్త స్తోయాంక నడుం దగ్గర మడతపెట్టినట్టు వంగిపోయిన మనిషి. ఆవిడ కిటికీలన్నీ మూయించి, కోడలి వీపుకి సారా రుద్ది, ఉన్ని శాలువా చుట్టింది. మా రోజుల్లో నొప్పి అనే మాట ఎరుగుదుమా అంది. మా ఇంటి ఆడవాళ్ళకి తలెత్తుకు తిరిగే అలవాటు లేదని మియోద్రాగ్ తల్లిని చూపించి మురిసిపోయేవాడు. దెసాంక సాక్సు ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు మిషను మీద వంగేది, ఇంటికొచ్చి పొయ్యి మీద, బకెట్ల మీద వంగేది. ఆ మెచ్చుకోలు ముప్పై ఏడేళ్ళు విన్నాక, ఇందులో మెచ్చుకోవడానికేముందని ఇప్పుడు అనుమానం మొదలైంది.

సెప్టెంబరులో ఎర్ర మిరపకాయల బస్తా ఎత్తుతుంటే వీపులో ఏదో పుటుక్కుమంది. పొయ్యి మీది పచ్చడి అడుగంటుతుందని మరో రెండు గంటలు గరిటె తిప్పుతూనే ఉంది. మర్నాడు మంచం మీంచి లేవలేకపోతే మియోద్రాగ్ కిటికీని తిట్టాడు.

నాలుగో రోజు ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళింది. నర్సు ఎత్తు కొలిచి పాత కార్డు తిరగేసింది. ఉద్యోగంలో చేరినప్పుడు నూట అరవై ఎనిమిది సెంటీమీటర్లు, ఇప్పుడు నూట అరవై రెండు. దెసాంక నర్సుని కూడా అనుమానించి మళ్ళీ కొలవమంది. అంకె మారలేదు. డాక్టరమ్మ ఎక్స్‌రేలో మూడు వెన్నుపూసలు చూపించింది. మూడూ నలిగిపోయాయి, అందులో రెండు ఎప్పటివో. ముట్లు ఆగిపోయాక ఎముక చప్పుడు లేకుండా గుల్లబారుతుందని, ముందే పరీక్ష చేయించుకుంటే ఇంతదాకా వచ్చేది కాదని చెప్పింది. ఇప్పుడైనా మందులు వాడి, రోజూ నడిచి, బరువులు మానేస్తే మిగతావి కాపాడుకోవచ్చని, లేకపోతే తర్వాత విరిగేది తుంటి కావచ్చని హెచ్చరించింది.

"మరి కిటికీ గాలి?" అని అడిగింది దెసాంక.

"గాలికి ఎముకలు విరగవమ్మా."

ఇంటికొచ్చేసరికి కారు డిక్కీలో రెండో విడత మిరపకాయలు సిద్ధంగా ఉన్నాయి. బస్తాలు దించమన్నాడు మియోద్రాగ్.

"మీరిద్దరూ దించుకోండి. నేనింక బరువులెత్తను."

"వదినని మహారాణి అని రాసిచ్చారా ఏంటి ఆసుపత్రిలో?" అన్నాడు రాదోయె.

"మూడు ఎముకలు విరిగాయని రాసిచ్చారు."

అన్నదమ్ములిద్దరూ డిక్కీ వైపు నడిచారు.

వంటింట్లో అత్త అంతా విన్నది. తల పైకి లేవదు కాబట్టి బల్ల మీది గుడ్డతోనే మాట్లాడింది.

"పెళ్ళినాటికి నేను మీ మావయ్య కంటే పొడుగు, తెలుసా? ఆయన పొట్టిగా పడతాడని ఫొటోలో నన్ను కూర్చోబెట్టారు."

దెసాంక పక్కన కూర్చుంది. ముసలావిడ గుడ్డ అంచు సవరించింది.

"ఆ డాక్టరమ్మ నాలాంటివాళ్ళని కూడా చూస్తుందంటావా?"