వెనకవాడు కనబడేదాకా

వాన తెల్లవారకముందే పట్టుకుంది. బడి హాలు రేకుల కప్పు మీద దాని చప్పుడు వింటూ డ్రైవింగ్ మాస్టారు కళ్ళు మూసుకునే పడుకున్నారు. పక్క చాప మీద అల్లుడు లేచి కూర్చున్నాడని ఆయనకు తెలుసు.

"మామయ్యా, మెలకువగా ఉన్నారా?"

మాస్టారు గురక పెట్టారు. ఆయనకు గురక అలవాటు లేదు. ఆ సంగతి అల్లుడికీ తెలుసు. కాసేపు కూర్చుని, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

హాల్లో పడుకున్న ఈ గుంపు ఏటా సెలవుల్లో సైకిళ్ళ మీద బయలుదేరి, పెద్ద రోడ్డు జోలికి పోకుండా చిన్న చిన్న ఊళ్ళ మీదుగా నాలుగు రోజులు తిరిగి వస్తుంది. మాస్టారిని ఈ పిచ్చిలోకి దింపింది ఆయన కూతురు. జీవితమంతా కారులో పక్క సీట్లో కూర్చుని ఇంకొకరి చేత స్టీరింగు తిప్పించిన మనిషి, కూతురి మాట కాదనలేక సైకిలెక్కారు. ఎక్కినా పాత బుద్ధి పోనిచ్చుకోలేదు. హ్యాండిల్‌కి కుడివైపు గుండ్రటి అద్దం బిగించుకున్నారు. గుంపు మొత్తంలో అద్దం ఉన్న సైకిలు అదొక్కటే.

కూతురు జబ్బు చేసి పోయి రెండేళ్ళు దాటింది. మామా అల్లుళ్ళు మాత్రం రావడం మానలేదు.

నిన్న సాయంత్రం భార్య ఫోన్ చేసింది. "ఏవండీ, అల్లుడు మీతో ఒక మాట చెప్పాలని ఈసారి పనిగట్టుకుని వచ్చాడు. చెప్పనివ్వండి."

"ఏం మాట?"

"మీకు తెలియదా?"

తెలుసు. అల్లుడి ఆఫీసులో పనిచేసే ఒక అమ్మాయి సంగతి కొన్నాళ్ళుగా ఇంట్లో గుసగుసగా తిరుగుతోంది. కుర్రాడు ఎంతకాలమని ఒంటరిగా ఉంటాడు, తప్పేముంది అని మాస్టారు కూడా చాలాసార్లు అనుకున్నారు. తనలో తాను అనుకోవడం వేరు. అతని నోట విన్నాక అతన్ని ఏమని పిలవాలి? ఎవరికైనా చూపించి "మా అల్లుడు" అనబోతే నాలుక ఎక్కడ ఆగాలి? చెప్పనంతకాలం అల్లుడు అల్లుడే. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయిన కుర్రాడు. కూతురి పెళ్ళి రోజున, అతని తరఫున సాక్షి సంతకం పెట్టాల్సిన బాబాయి వేళకు రాకపోతే, "నీ వైపూ నేనే, మా వైపూ నేనే" అని మాస్టారే ముందుకొచ్చి పెట్టారు. ఆ మాటకు ఆ రోజు అందరూ నవ్వారు. అల్లుడు నవ్వలేదు. తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

బడి వరండాలో అందరూ రెయిన్‌కోట్లు తొడుక్కుంటున్నారు. గుంపును నడిపేది బేకరీ నడిపే ఆవిడ. అందరూ కెప్టెన్ అంటారు.

"వెనక చక్రానికి మడ్‌గార్డు లేనివాళ్ళెవరు?" అంది.

అల్లుడు చెయ్యెత్తాడు.

"నువ్వు అందరికంటే వెనక. నీ చక్రం చిమ్మే బురద నా మొహాన వద్దు."

"నీ బేకరీ కేకు కంటే ఆ బురదే మెత్తన కదా కెప్టెన్," అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఊళ్ళో వాళ్ళ పళ్ళన్నీ నువ్వే పీకేస్తే ఇంక కేకు మెత్తగా ఉంటే ఏం, గట్టిగా ఉంటే ఏం," అని ఆవిడ మాస్టారి వైపు తిరిగింది. "మీరు మీ అల్లుడికి ముందు. మలుపుల దగ్గర అతని కోసం ఆగాల్సింది మీరే."

మాస్టారు కాదనడానికి సాకు వెతుక్కున్నారు. దొరకలేదు.

మలుపుల నియమం ఆయన కూతురు పెట్టిందే. ఒక ఏడాది పళ్ళ డాక్టరు దారి తప్పి ఎక్కడో తేలి, మంగలి షాపు కుర్చీలో పడుకుని, మర్నాడు నున్నగా గడ్డం గీయించుకుని గుంపును కలిశాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆమెకు మాత్రం అతను కనబడని రాత్రంతా నిద్ర లేదు. ఆ ఉదయమే బల్ల ఎక్కి నిలబడి చెప్పింది. "తిరగాల్సిన చోట ముందువాడు ఆగాలి. వెనకవాడు కనబడి, దారి చూపించాకే కదలాలి. మలుపులో ఎవరూ నిలబడి లేకపోతే వెనకవాడు నేరుగా పోవాలి. అంతే."

"ముందువాడు మర్చిపోతే?" అన్నాడు డాక్టరు.

"మర్చిపోయేవాళ్ళతో మనమెందుకు తిరుగుతాం?" అంది.

అప్పటినుంచీ ఎవరూ మర్చిపోలేదు.

వాన సన్నగా, విసుగు లేకుండా కురుస్తూనే ఉంది. ఊళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోతున్నాయి. సగం దించిన షట్టర్లు, గోనెపట్టా కప్పిన తోపుడుబండి, బస్టాపులో ఒకే గొడుగు కింద ఇరుక్కున్న ఇద్దరు ఆడవాళ్ళు. మాస్టారికి అవేవీ సరిగా ఆనలేదు. ఆయన చూపంతా అద్దంలోనే ఉంది. అందులో పసుపు రంగు రెయిన్‌కోటు పెద్దదైతే ఈయన పెడల్ గట్టిగా తొక్కేవారు. చిన్నదైతే ఊపిరి పీల్చుకునేవారు. మలుపుల దగ్గర ఆగకుండా ఉండలేదు. ఆగి, ఆ పసుపు రంగు దూరాన కనబడగానే చెయ్యి ఊపి, అతను దగ్గరికి వచ్చేలోపు కదిలిపోయేవారు. నియమం నిలబడింది. మాట తప్పించుకున్నట్టూ అయింది.

కలప కోత మిల్లు పక్కన టీ కొట్టు దగ్గర అందరూ ఆగినప్పుడు అల్లుడు రెండు గ్లాసులు పట్టుకుని వచ్చాడు.

"మామయ్యా, ఇలా కూర్చోండి. ఒక్క మాట."

"బ్రేకు జారుతోంది బాబూ. చూసుకోవాలి."

"నేను చూస్తాలెండి. మీరు కూర్చోండి."

"టీ చల్లారిపోతుంది, తాగు," అని మాస్టారు సైకిలు పక్కన గొంతుక్కూర్చుని, బాగానే ఉన్న బ్రేకును విప్పి మళ్ళీ బిగించడం మొదలుపెట్టారు.

అల్లుడు ఆయన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఇవాళే చెప్పాలి మామయ్యా. సాయంత్రంలోగా ఒకచోట సమాధానం ఇవ్వాలి."

"దారిలో మాట్లాడుకుందాంలే."

"దారిలో మీరు అందడం లేదుగా," అన్నాడు అల్లుడు నవ్వుతూ. మాస్టారు తలెత్తలేదు. నట్టు బిగుసుకున్నా తిప్పుతూనే ఉన్నారు.

మధ్యాహ్నానికి ముందు ఒక వంతెన వచ్చింది. వంతెన దిగగానే ఒక పట్టణం మొదలైంది. మూతపడిన సినిమా హాలు దగ్గర పళ్ళ డాక్టరు చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. ఎడమవైపు చూపించి వెళ్ళిపోయాడు. ఇప్పుడు అక్కడ నిలబడాల్సింది మాస్టారు.

ఆయన ఒక కాలు నేల మీద పెట్టారు. వంతెన మీద అల్లుడు బాగా దగ్గరికి వచ్చేయడం ఇందాకే అద్దంలో చూశారు. ఈ మలుపు మిగతావాటిలా లేదు. రోడ్డు సినిమా హాలు ప్రహరీని ఒరుసుకుని వస్తుంది. వచ్చేవాడు పక్కకు వచ్చేదాకా కనబడడు. ఇక్కడ కనబడటమంటే ఎదురుపడటమే. చుట్టూ మనుషులు లేరు, టీ గ్లాసులు లేవు, బ్రేకు సాకు అయిపోయింది.

దగ్గర్లోనే ఉన్నాడుగా, నా వెనక దీపం చూసి వచ్చేస్తాడు అనుకున్నారు. కాలు పెడల్ మీదికి తీసుకున్నారు. ఎడమకు తిరిగారు.

కొంతదూరం పోయాక అద్దంలో రోడ్డు ఖాళీగా ఉంది. బొటనవేలితో అద్దం తుడిచారు. ఖాళీగానే ఉంది. నిజం చెప్పాలంటే ఆయనకు అప్పుడు హాయిగా అనిపించింది. తర్వాతి రోజుల్లో ఆయనను కాల్చుకుతిన్నది ఆ హాయే.

తర్వాతి ఊళ్ళో గ్రంథాలయం వరండాలో భోజనానికి ఆగారు. కెప్టెన్ తలలు లెక్కపెట్టింది. "మీ అల్లుడేడీ?"

"వస్తున్నాడు."

"మలుపులో చూశారుగా?"

"చూశాను," అన్నారు మాస్టారు. అద్దంలో చూసిన మాట నిజమే.

పొట్లాలు విప్పారు, మాస్టారు తప్ప అందరూ తిన్నారు, చేతులు కడుక్కున్నారు. అతను రాలేదు. ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడం లేదు. డాక్టరు మాస్టారి మొహంలోకి చూశాడు. ఆ చూపుకు మాస్టారు లేచి, తడి రెయిన్‌కోటు మళ్ళీ తొడుక్కున్నారు. "నేను వెళ్ళి చూసొస్తాను. మీరు రావద్దు."

వెనక్కి వచ్చేటప్పుడు వాన ఎదురు కొట్టింది. సినిమా హాలు దగ్గర, ఉదయం నిలబడాల్సిన చోట, ఇప్పుడు వచ్చి నిలబడ్డారు. నేరుగా పోయే రోడ్డు చూపు ఆనేంత దూరమూ ఖాళీ. అప్పుడు ఫోన్ మోగింది.

"మామయ్యా, కంగారుపడకండి. బాగానే ఉన్నాను. ఫోన్ సంచిలో ఉంది, మీరు చేసినవి ఇప్పుడే చూశా."

"ఎక్కడున్నావు?"

"ఏదో రైలు గేటు ఊరు. సినిమా హాలు దగ్గర ఎవరూ కనబడలేదు, నేరుగా వచ్చేశాను. ఇక్కడికొచ్చాక చైను తెగింది. పంక్చర్ల షాపులో కూర్చోబెట్టారు. బస్సుందట, సైకిలు పైన వేసుకుని ఇంటికెళ్ళిపోతాను."

ఎవరూ కనబడలేదు అన్న మాటలో నింద లేదు. కూతురు చెప్పినట్టే చేశాడు, నేరుగా వెళ్ళాడు.

"అక్కడే ఉండు. నేనొస్తాను."

"ఈ వానలోనా? అత్తయ్య నన్ను బతకనివ్వరు. వద్దు మామయ్యా."

"బాబూ, పొద్దున ఏదో చెప్తానన్నావు. చెప్పు. వింటున్నాను."

అవతల ఎవరో ఇనుము మీద సుత్తితో కొడుతున్నారు.

"ఇప్పుడు పర్లేదులెండి. అయిపోయింది."

"అయిపోవడమేంటి?"

"అత్తయ్య చెప్పే ఉంటారు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి. నా తరఫున సంతకం ఎవరు పెడతారో ఇవాళ చెప్పమన్నారు. మీరు పెడతారా అని అడుగుదామనుకున్నాను. అప్పుడు నీ వైపూ నేనే అన్నారుగా, ఆ ధైర్యం." చిన్నగా దగ్గాడు. "పొద్దున్నుంచీ చూశాను. మీకు కష్టంగా ఉందని అర్థమైంది. అసలు మిమ్మల్ని అడగాలనుకోవడమే నాది బుద్ధితక్కువ. ఇక్కడికి రాగానే బాబాయికి చేశాను. సరేనన్నారు."

అల్లుడు తన దగ్గర సెలవు తీసుకోబోతున్నాడని మాస్టారు రోజంతా పారిపోయారు. అతను అడగాలనుకున్నది తండ్రిగా నిలబడమని.

"ఇప్పుడు... మార్చడానికి కుదరదా?"

"బాబాయి చాలా సంతోషపడ్డారు మామయ్యా. ఇన్నేళ్ళకి నన్ను ఒకటి అడిగావురా అన్నారు. ఇప్పుడు ఎలా వద్దంటాను? మీరూ అత్తయ్యా తప్పకుండా రావాలి. ముందు వరసలో కూర్చోబెడతాను."

"వస్తాం. ఎందుకు రాం?" అన్నారు మాస్టారు. తర్వాత, "బాబూ, ఆ మలుపు దగ్గర నేను..."

"వానలో నేనే చూసుకోలేదేమో లెండి," అన్నాడు అల్లుడు. "తల తుడుచుకోండి మామయ్యా. జలుబు చేస్తుంది."

ఫోన్ పెట్టేశాడు. మామయ్యా అనే పిలిచాడు, ఎప్పటిలాగే, ప్రతి మాటకీ. ఆ పిలుపు ఎక్కడికీ పోలేదు.

మాస్టారు కెప్టెన్‌కి ఫోన్ చేసి, అల్లుడు క్షేమమని, బస్సెక్కుతున్నాడని చెప్పారు. మీరు బయల్దేరండి, నేను వెనకాల వస్తానన్నారు. ఆవిడ సరేనంది.

గ్రంథాలయం వరండా దగ్గరికి వచ్చేసరికి ఎవరూ లేరు. ఆయన తినని భోజనం పొట్లం మెట్టు మీద, బోర్లించిన గిన్నె కింద ఉంది. దాన్ని సంచిలో పెట్టుకుని బయలుదేరారు. ఇప్పుడు అందరికంటే వెనక ఆయనే. అద్దంలో ఏమీ లేదు. అటు చూడటం మానేశారు.

ఊరు దాటగానే రెండు దార్లు చీలాయి. అక్కడ తడిసి ముద్దయిన ఒక మనిషి చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో, కాళ్ళ చుట్టూ నీళ్ళు మడుగు కట్టాయి. పళ్ళ డాక్టరు. మాస్టారు అతన్ని చూశారు. అయినా చెయ్యి ఊపలేకపోయారు. వంచిన తల వంచినట్టే తొక్కుకుంటూ వస్తున్నారు.

డాక్టరు కదల్లేదు. ఆయన దగ్గరికి వచ్చి, తలెత్తి, తన మొహం చూసేదాకా ఆ చెయ్యి దించలేదు.