మూడోసారి అడగాలి

నల్లకోటు గుండీలు పెట్టుకుంటూ బెనెడిక్ట్ మాన్సర్ మూడో గుండీ దగ్గర ఆగిపోయాడు. ఆయాసం. మిగిలినవి భార్య రెగులా పెట్టింది. ఏప్రిల్ ఆఖరి ఆదివారం, లోయలోని మగవాళ్లంతా మైదానంలో చేరి చేతులెత్తి ఓటు వేసే రోజు. తెల్లారేసరికే దక్షిణపు వేడిగాలి మొదలైంది. ఆ గాలి వీచిన రోజున నిప్పురవ్వ ఎగిరి ఊరు అంటుకుంటుందని మావాళ్లు పొయ్యి కూడా వెలిగించరు.

"ఈ పదవిలో ఇంకో చలికాలం దాటలేరని డాక్టరు చెప్పాడు, గుర్తుందిగా?"

"ఉందిలే. ఇవాళ్టితో సరి."

"మూడుసార్లూ అడగండి. మీకసలే మొహమాటం."

ఇరవై రెండేళ్లుగా ఆయనే లోయకు పెద్ద. అంతకుముందు వకీలు. పచ్చికబీళ్ల హద్దులు, నీటి వంతులు, కాలు విరిగిన ఆవుల తగువులు, అంతే. జనం చెప్పుకునే ప్రసంగం ఒక్కటీ చెయ్యలేదు. ఎన్నుకున్న మనిషి పదవి కాదనకూడదని మా చట్టం. సభ విడిచిపెడితేనే విడుదల. మొదటి రెండుసార్లూ ఒప్పుకోకపోవడం మర్యాద. అడగ్గానే సరేనంటే మెడపట్టి గెంటినట్టుండదూ? మూడోసారి అడిగితే అందరం చేతులెత్తి పంపిస్తాం.

చెక్క వేదిక ఎక్కి ముందున్న కమ్మీ పట్టుకున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మేమంతా చూశాం.

"నన్ను విడిచిపెట్టండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. "తొందరేంటి పెద్దాయనా, మా మేకల తగువు ఎవడు తేలుస్తాడు?" అన్నాడు జున్ను చేసే అంటోన్. నవ్వులు.

"నిజంగానే చెప్తున్నా. నావల్ల కావట్లేదు."

"ఊరుకోండి, పెళ్లికొడుకులా ఉన్నారు," అన్నారు ఇంకెవరో.

మళ్లీ నవ్వాం. ఇక ఆయన మూడోసారి అడగడం, మేం చేతులెత్తడమే తరువాయి. ఆయన నోరు తెరిచాడు. ఊపిరి అందలేదు.

"అడగండయ్యా," అన్నాడు పక్కనున్న గుమాస్తా మెల్లగా.

ఆయన వేళ్లు కమ్మీ మీద బిగుసుకున్నాయి. నా చెయ్యి సగం లేచింది. అడగందే ఎలా ఎత్తను, నలుగురూ ఏమనుకుంటారని దించేశాను. ఆ పిరికితనానికి నాకు ఇప్పటికీ సిగ్గే.

"ఒప్పుకున్నాడురా," అన్నారెవరో. మౌనాన్ని అంగీకారం కింద రాసేసుకున్నారు. మూడు వేళ్లెత్తి అందరం ప్రమాణం చదువుతుంటే ఆయన వెనకున్న కుర్చీలో కూర్చున్నాడు. ప్రమాణం పూర్తయ్యాక గుమాస్తా భుజం తట్టాడు. తల పక్కకు వాలిపోయింది.

తలుపు పలక మీద పడుకోబెట్టి ఇంటికి మోశాం. రెగులా ఏడవలేదు. "మూడోసారి అడిగారా?" అంది.

ఇక ఇంటిపట్టునే ఉండబోయే మనిషికని ఆవిడ చలికాలమంతా కూర్చుని కుట్టిన ఊలుచెప్పులు, అడుగున మట్టి అంటనివి, కిటికీ పక్క కుర్చీ కింద జతగా ఉన్నాయి.