చాళ్లు లేని ఇసుక

నలభై ఒకటో కుర్చీని విప్పి, కాళ్లు ఇసుకలో కుదురుకునేలా మోకాలితో నొక్కి, డేగ తలెత్తి రాళ్లగుట్ట వైపు చూసింది. పొద్దుటినుంచి అటు చూడటం అది పదోసారి.

రిసార్టులో తోటి పనివాళ్లు ఆమెకి డేగ అని పేరు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. తీరం ఆ చివర తువ్వాలు మాయమైతే ఈ చివర ఆమెకి తెలిసిపోతుంది. తెలియకపోతే అనుమానిస్తుంది. ఉప్పుగాలికి బిగుసుకుపోయిన ముఖం, నడుముకి బిగించిన కొంగు, బొబ్బలు గట్టిపడిన అరచేతులు. భర్త పోయాక ఆమెని ఈ పనిలో పెట్టించింది వదినే, అంటే భర్త అక్క. ఆ మేలు డేగ మరచిపోలేదు. కాకపోతే ఊరికే చేసి ఉండదు, ఏదో లాభం చూసుకునే ఉంటుందని ఇప్పటికీ అనుకుంటూనే ఉంది.

పొడుగు తీరంలో కుర్చీల పనంతా డేగది. కొబ్బరిచెట్ల ముందు కనుచూపు ఆనినంత మేర తెల్లటి ఇసుక, నూట ఇరవై కుర్చీలు, బంతులాటలు, కేకలు. రాళ్లగుట్ట అవతల చిన్న ఒంపు ఉంది. అక్కడ అలలు కూడా అనుమతి అడిగి వచ్చినట్టు వస్తాయి. మొత్తం పన్నెండు కుర్చీలు. అది వదినది. పన్నెండు కుర్చీలకి ఒక మనిషా అని డేగ లోలోపల కుతకుతలాడేది.

ఇప్పుడు సంగతి ముదిరింది. సోమవారంనుంచి రెండు తీరాలకీ కలిపి ఒక్క మనిషే ఉంటుందని సూపర్‌వైజరు చెప్పాడు. ఆ మనిషి ఎవరో చెప్పలేదు. యాభై రెండేళ్ల వయసులో డేగకి ఇంకో పని ఎవరిస్తారు? పైగా నెల రోజులుగా వదిన ఆమెని ఒంపులోకి రానివ్వటం లేదు. "నువ్వెందుకమ్మా గుట్టెక్కడం, మాసిన తువ్వాళ్లు నేనే తెచ్చిస్తాగా" అంటోంది. అతి వినయం ధూర్త లక్షణమని పెద్దలు ఊరికే అన్నారా?

మధ్యాహ్నం తువ్వాళ్ల గది వెనక వదినా సూపర్‌వైజరూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటూ కనిపించారు. డేగని చూడగానే ఇద్దరి నోళ్లూ మూతపడ్డాయి.

"ఏంటి వదినా, గుసగుసలు?"

"ఏముందే, చీపుళ్ల సంగతి."

అంటూ గుమ్మడికాయల దొంగలా భుజం తడుముకుంది వదిన. చీపుళ్ల గురించి గుసగుసలాడే మనుషుల్ని డేగ అంతవరకూ చూడలేదు. తెచ్చుకున్న అన్నం సగం కాకులకే పోయింది.

మూడు దాటాక గుట్టెక్కింది. పైనుంచి చూస్తే ఒంపులో ఇసుక దువ్విన తలలా ఉంది. కుర్చీల్ని ఎత్తుకెళ్లాలి తప్ప ఈడ్చకూడదు, ఈడిస్తే పడే చాళ్లు వచ్చినవాళ్లకి నచ్చవు. అది ఇక్కడి మొదటి నియమం. చాళ్లు లేవు, బాగానే ఉంది. ఎత్తుకెళ్తే పాదాల గుర్తులైనా ఉండాలిగా! అవీ లేవు. ఇంకేం, దొరికిపోయింది. ఎవడో మగమనిషి చేత మోయించి, వాడి అడుగులు చెరిపేస్తోంది. ఈ ముక్క సూపర్‌వైజరు చెవిన వేస్తే చాలు, పని తనదే.

రాయి చాటున నక్కి కూర్చుంది. ఉన్న ఇద్దరు ముగ్గురూ వెళ్లిపోయాక వదిన వచ్చింది. ఒక్కతే. కుడి భుజానికి గుడ్డ మెత్త కట్టుకుని, దానిమీదుగా తాడు వేసి కుర్చీని ఈడ్చసాగింది. నాలుగడుగులకోసారి ఆగి ఛాతీ పట్టుకుంది. అలా మూడింటిని సామాన్ల గదిలోకి చేర్చాక, మోకాళ్లమీద పాకుతూ చేతిదంతెతో చాళ్లన్నీ చెరిపింది. కుర్చీ ఎత్తలేని మనిషి, ఎత్తినట్టు కనబడటానికి రెండింతలు చాకిరీ చేస్తోంది. డేగ రాయి చాటునుంచి లేచి కిందికి దిగింది.

"వదినా!"

వదిన ఉలిక్కిపడి, మనిషిని పోల్చుకుని నవ్వింది. "చూసేశావూ? నెల రోజులు ఆగావంటే గొప్పే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఊరుకుంటావా? నీ నూట ఇరవై మోసి, నా పన్నెండూ మోస్తావు. నీ నడుమూ పోతుంది."

చెప్పి ఉంటే డేగ మోసేది కాదు, వేషాలేస్తోందని నలుగురికీ చెప్పేది. అది వదినకి తెలియకపోవటమే ఆమె భరించలేకపోయింది.

"గుండెకి బలం లేదన్నాడు డాక్టరు. అప్పుడే మానేస్తే ఈ ఖాళీలోకి వయసులో ఉన్నదాన్ని తెచ్చేవాళ్లు. ఇప్పుడు ఒక్కరినే ఉంచుతామంటే ఆ ఒక్క పనీ దానికే పోయేది. మా మరదల్ని ఉంచండని నెల్నుంచీ ఆయన్ని పీక్కుతింటున్నా. ఇవాళ మధ్యాహ్నం సరేనన్నాడు. అయిదింటి వ్యానుకి మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నానే."

మిగిలిన తొమ్మిది కుర్చీలూ డేగ మోసింది. వదిన రాతిమీద కూర్చుని "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉంది. క్షమించమని అడగబోయిన ప్రతిసారీ డేగ ఇంకో కుర్చీ ఎత్తుకుంది. రోడ్డుమీద హారను మోగింది.

"గది తలుపు బిగుసుకుంటుంది, కాలితో తన్నితే గాని పడదు" అని చెప్పి, సంచీ పట్టుకుని వదిన వెళ్లిపోయింది.

డేగ తలుపు లాగబోతే దాని వెనక మేకుకి ఏదో వేలాడుతోంది. వదిన పాత చీర మడతలతో కుట్టిన కొత్త మెత్త. నాడాలు ఎడమ చంకకింద ముడి పడేలా ఉన్నాయి. ఆ రెండు తీరాల్లోనూ ఎడమ భుజాన మోసేది డేగ ఒక్కతే. చివరి నాడా సగమే కుట్టి ఉంది, దారంతో సహా సూది ఇంకా దానికే గుచ్చి ఉంది.