గుంత పూడ్చే ముందు

"కప్పలకేం తొందరమ్మా, మీ మామకు ఆకలయితాండాది" అంది అత్త హనుమక్క. శశికళ చెప్పులు విడిచి మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. చింతామణి నుంచి చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగారు. సంగటి ఇంకోసారి కెలకాలి.

తను చేసేది కూడా పనేనని ఆ ఇంట్లో ఎవరూ అనుకోరు. బాగేపల్లి నుంచి ఊరికి తాగునీటి పైపు వేస్తున్నారు. బండల కింది చెమ్మనేలలో, ఇంకెక్కడా పెద్దగా మిగలని చిన్న కప్పలున్నాయి. పైపు కోసం తవ్విన గుంతలో రాత్రి పడినవాటిని పొద్దున్నే ఏరి బయట వదిలాకే మట్టి పూడ్చాలని ఇంజనీరు శ్రీరంజని మేడం షరతు పెట్టి, ఆ పని శశికళకు అప్పజెప్పింది. మొగుడు అమరేష్ అక్కడే జేసీబీ నడుపుతాడు. ఆయన వెళితే డ్యూటీ, ఆమె వెళితే షికారు. మా ఇంటామె కప్పలకు మంత్రసాని అని కూలీలను నవ్విస్తాడు. ఆమె కూడా నవ్వేది. తడి అరచేతిలో ఆ బుల్లి ప్రాణి గొంతు కొట్టుకుంటుంటే, నన్నెవరైనా ఇంత మెల్లగా పట్టుకున్నారా అనుకునేది. వెంటనే సిగ్గుపడేది.

గిన్నెలు తోమి పరుగున వెళ్లేసరికి గుంత లేదు. చదునైన ఎర్రమన్ను మీద చక్రాల అచ్చులున్నాయి. నిన్ననే వాన పడింది. ఎన్ని కప్పలు పడి ఉంటాయో.

నువ్వు రాకపోతే ఎంతసేపు కాసుకోవాలన్నాడు అమరేష్. అంతలో మేడం ఫోను. రోజూ అడిగేదే అడిగింది, గుంత చూశారా అని.

అమరేష్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చూసినానని చెప్పు. లేకుంటే పని నిలబెడ్తారు. వానలు పోయేదాకా పైపు రాదు. బిందెలు మోసేది నువ్వే, ఆలోచించుకో."

అది నిజమే. ఆ పైపు కోసం ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది ఆమె నడుమే. ఇన్నేళ్లూ ఏ నొప్పికైనా 'ఏం లేదు' అనడం నేర్చిన నోరు, 'చూసినా' అనడానికి తెరుచుకుంది కూడా. కాళ్ల కింద మన్ను ఇంకా మెత్తగా ఉంది.

"చూడలేదు మేడం. నేను వచ్చేలోపలే పూడ్చేసినారు. పూడ్చింది మా ఇంటాయన."

ఫోను పెట్టేసింది.

"ఇంక నీళ్లెవరు తెస్తారు?" అన్నాడు అమరేష్.

"ఇంతవరకూ ఎవురు తెచ్చినారప్పా?"

కొంగు నడుముకు చెక్కి, మోకాళ్ల మీద కూర్చుని, చేతులతో మన్ను తోడసాగింది. మొదట దొరికిన కప్ప కదల్లేదు. ఆమె తోడడం ఆపలేదు.